కత్తెర పిల్లల చేతికివ్వండి

(తిరుపతిలో హైస్కూలు ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో ఒక సోషల్ టీచర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మాట్లాడటానికి ముందు ఒక చప్పుడు వినిపిస్తాను. ఇరవై సెకన్లే. ఏమిటో చెప్పండి.

(పారే నీళ్ల చప్పుడు, తడిగుడ్డను జాడించిన చప్పుడు వినిపించారు.)

చాకిరేవు అని వెనక నుంచి ఎవరో అన్నారు. చాలా దగ్గరికి వచ్చారు. ఇది శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డ ఉతుకుతున్న చప్పుడు. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక పాప వాళ్ల నాన్న ఫోనులో రికార్డు చేసుకొచ్చింది. తరగతిలో వినిపిస్తే మీలాగే తలా ఒకటి చెప్పారు. వాన అన్నారు, వల విసరడం అన్నారు. ఎవరికీ తెలియలేదని తేలాక ఆ పాప లేచి, "గుడ్డకు ఎక్కువగా పట్టిన పటిక, రంగు అంతా పోవాల టీచర్. నిలబడిన నీళ్లలో ఉతికితే పోయిన రంగు మళ్లీ వచ్చి ఇంకో చోట అంటుకుంటుంది. అందుకే పారే నీళ్లు కావాల" అని చెప్పింది. పాఠ్యపుస్తకంలో లేని సంగతి అది. నేను చెప్పిందీ కాదు, అప్పటిదాకా నాకు తెలియదు కూడా.

ఈ రోజు నాకిచ్చిన అంశం తరగతి గదిలో మల్టీమీడియా సాఫ్ట్‌వేర్, దానితో పిల్లలు చేసే ప్రాజెక్టులు. ఈ మాట ఎత్తగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని. దానికి జవాబు నాలుగు మాటల్లో అయిపోతుంది, మధ్యలో చెప్తాను. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. పిల్లలు వీడియో తీసేటప్పుడు నేర్చుకునేది కొంచెమే. తీసినదాన్ని కత్తిరించేటప్పుడు నేర్చుకునేది చాలా ఎక్కువ. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏది ముందు, ఏది వెనక అని వాళ్లు వాదులాడుకునే ఆ గంటే అసలు పాఠం. కానీ మనం చాలాసార్లు ఆ పనిని మన చేతుల్లోకి తీసుకుంటాం. పిల్లలు ఫొటోలు తెస్తారు, టీచరు రాత్రి ఇంట్లో కూర్చుని వీడియో తయారు చేస్తారు, తెల్లారి అందరూ చప్పట్లు కొడతారు. కష్టపడేది టీచరే, నేర్చుకునేదీ టీచరే.

నేను కూడా మొదట్లో తప్పుగానే చేశాను. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో పనిచేస్తున్నప్పుడు కంప్యూటర్ గదిలో రెండు నెలలపాటు పవర్‌పాయింట్ నేర్పించాను. స్లయిడ్ ఎలా పెట్టాలి, అక్షరాలు ఎలా ఎగరాలి, బొమ్మ ఎలా తిరగాలి, అన్నీ నేర్పించాను. చివర్లో 'మన ప్రాంతం' అని ప్రాజెక్టు ఇచ్చాను. ఎనిమిది గ్రూపులు. ఎనిమిదింటిలోనూ తిరుమల గోపురం ఫొటో ఒకటే, ఇంటర్నెట్‌లో మొదట కనిపించేది. వాక్యాలు కూడా అవే, అక్షరం తేడా లేదు. శిలాతోరణం మీద రెండు స్లయిడ్లు చేసిన పిల్లవాణ్ణి పిలిచి, "దాన్ని నువ్వు చూశావా నాయనా?" అని అడిగాను. "కొండకు చానాసార్లు పోయినాం టీచర్, అది మాత్రం చూళ్లేదు" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. చూసి రమ్మని నేను చెప్పలేదు. అతికించడం నేర్పించాను, అతికించాడు.

ఆ స్లయిడ్లలో ఇంకో లోపం ఉంది. అది నాకు తర్వాత అర్థమైంది. అమెరికాలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బొమ్మ, మాట, శబ్దం కలిసినప్పుడు మనిషి ఎలా నేర్చుకుంటాడో ఏళ్ల తరబడి పరిశోధించారు. విషయంతో సంబంధం లేని అలంకారాలు, వెనక సంగీతం పెరిగేకొద్దీ అసలు విషయం తక్కువగా ఎక్కుతుందని ఆయన చెప్తారు. తెర మీద ఉన్న వాక్యాన్నే మళ్లీ పైకి చదివి వినిపించడం కూడా మేలు చేయదంటారు. మా పిల్లలు సరిగ్గా ఆ రెండూ చేశారు. ఎగిరే అక్షరాలు పెట్టారు, పక్కన నిలబడి వాటినే చదివారు. నేర్పింది నేనే.

తర్వాత శ్రీకాళహస్తి దగ్గరికి బదిలీ అయింది. అక్కడ మొదలుపెట్టిన ప్రాజెక్టు గురించే ఈ రోజు ఎక్కువగా చెప్తాను.

మూడు వారాలు కంప్యూటర్ గది తలుపు తీయలేదు. పిల్లలకు కొంచెం కోపం వచ్చింది కూడా. ముందు ఒక పాత కలంకారీ గుడ్డను తరగతికి తెప్పించి బల్లల మీద పరిచాను. మీలో చాలామంది చూసే ఉంటారు. నడుమ పెద్ద బొమ్మ ఉంటుంది, చుట్టూ వరసల్లో చిన్న చిన్న గళ్లు, గడికో ఘట్టం, బొమ్మ కింద తెలుగులో ఒక వరస రాత. "రామాయణం మొత్తం ఈ గుడ్డ మీదికి ఎట్లా వచ్చింది? ఏమేం వదిలేశారో చూడండి" అన్నాను. పిల్లలు వేళ్లతో గళ్లు లెక్కపెట్టుకుంటూ పోయారు. ఒకడు, "అశోకవనం రెండు గళ్లలో ఉంది టీచర్, పెళ్లి ఒక గడిలోనే అయిపోయింది" అన్నాడు. ఎందుకు అలా వేశారు? అక్కడ మొదలైంది వాదన. సినిమా వాళ్లు స్టోరీబోర్డ్ అని దేన్నంటారో అది మా పిల్లలకు ఆ మాట వినకముందే కళ్లెదుట కనబడింది. ఆ తర్వాత కాగితం మీద ఆరు గళ్లు గీసి, "మీరు తీయబోయే మూడు నిమిషాల సినిమా ఇందులో వెయ్యండి" అని ఇచ్చాను. బొమ్మలు రాకపోతే గీతలు చాలు. మనిషికి ఒక గీత, తలకు ఒక సున్నా.

మూడు నిమిషాలు అనే హద్దు నేను కావాలనే పెట్టాను. దాని మీద బేరం లేదు. హద్దు లేకపోతే కత్తిరించాల్సిన అవసరమే రాదు.

ఇక రికార్డింగ్. ఊళ్లో కలంకారీ పని చేసే ఒక పెద్దామె దగ్గరికి పోయాం. అవ్వ అని పిలిచాం, పేరు చెప్పను. ఐదుగురు పిల్లలు, ఒక ఫోను. మొదటి రోజు తీసింది మొత్తం పనికి రాలేదు. పైన ఫ్యాను, పక్కింట్లో టీవీ సీరియల్, మధ్యలో రెండుసార్లు ఫోను మోగింది. బడికొచ్చి వింటే అవ్వ మాట కన్నా ఫ్యాను మాటే ఎక్కువ వినబడింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. మళ్లీ పోవాలంటే సిగ్గు. కానీ పోయారు. రెండోసారి వెళ్లినప్పుడు ఏం చేయాలో నేను చెప్పనక్కర్లేకపోయింది. ఫ్యాను ఆపేశారు, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టారు, నోటికి జానెడు దూరంలో ఒక స్టూలు మీద తువ్వాలు మడిచి దాని మీద ఫోను పెట్టారు. మాటలు మొదలుపెట్టే ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉన్నారు.

ఆ పది సెకన్ల మౌనం ఎందుకో చెప్తాను, మీకు పనికొస్తుంది. ఆడాసిటీ అని ఒక ఆడియో సాఫ్ట్‌వేర్ ఉంది. 2000లో వచ్చింది, ఉచితం, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. అందులో రొద తగ్గించే సౌకర్యం ఉంది. మాటలు లేని ముక్కను ముందు ఎంచుకుని, గదిలో ఉన్న రొద ఇలా ఉంటుంది అని దానికి చూపించాలి. ఆ తర్వాత మొత్తం ఎంచుకుని తగ్గించమనాలి. గదిలో గుయ్‌మనే శబ్దం చాలావరకు పోతుంది. కానీ ఎక్కువ తగ్గిస్తే మనిషి గొంతు కుండలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. ఎక్కడ ఆపాలో పిల్లల చెవులకే వదిలేయండి. వాళ్ల చెవులు మన చెవుల కన్నా పదును.

రెండో రోజు దొరికింది నలభై ఏడు నిమిషాల మాట. ఆ నలభై ఏడు నిమిషాల్లో నేను ఊహించనన్ని సంగతులున్నాయి. గుడ్డను కరక్కాయ కలిపిన పాలల్లో ఎందుకు ముంచుతారు? పాలల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి గీత పాకదు. ముందుగా గీసుకోవడానికి చింతబరికెలు కాల్చిన బొగ్గు. వెదురు కలానికి చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో నొక్కేకొద్దీ దిగుతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. అవ్వ అన్న మాట అలాగే చెప్తాను: "నలుపు కుండలో ఉండదు నాయనా, గుడ్డ మీద పుడుతుంది." ఆ వాక్యాన్ని సైన్స్ మేడమ్ దగ్గరికి పట్టుకుపోయారు పిల్లలు. కరక్కాయలో ఉండే టానిన్, కుండలో ఉండే ఇనుము కలిస్తేనే ఆ చిక్కటి నలుపు వస్తుందని ఆమె చెప్పారు. కరక్కాయ పట్టించని గుడ్డ ముక్క మీద, పట్టించిన ముక్క మీద ఒకే నీళ్లు చుక్క వేసి చూపించారు. పిల్లలు దాన్ని వీడియో తీశారు. ఆ ఎనిమిది సెకన్లు సినిమాలోకి వచ్చాయి. సోషల్ ప్రాజెక్టులోకి కెమిస్ట్రీ తనంతట తానే నడిచి వచ్చింది.

ఇప్పుడు అసలు ఘట్టం. నలభై ఏడు నిమిషాలను మూడు నిమిషాలు చేయాలి.

మన హైస్కూళ్లలో ఇప్పుడు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు, ఉన్నాయి. పాఠం వీడియోలు చూపించడానికి వాడుతున్నాం, మంచిదే. కానీ దాని ముందు కూడా పిల్లలు బల్లల మీద కూర్చుని చూసేవాళ్లే. నేను కంప్యూటర్‌ను వైరుతో ప్యానెల్‌కు కలిపి, ఎడిటింగ్ టైమ్‌లైన్‌ను, అంటే తీసిన ముక్కలన్నీ వరసగా కనిపించే పట్టీని, అంత పెద్ద తెర మీద తెరిచాను. ఓపెన్‌షాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. తరగతి మొత్తం చూస్తుండగా ఒక గ్రూపు కత్తిరిస్తుంది. ఇది తీసెయ్యండి అని ఎవరైనా అనొచ్చు, కానీ ఎందుకో చెప్పాలి. మొదటి రోజు కారణాలు ఎలా ఉన్నాయంటే, బోర్ కొడుతోంది, బాగలేదు, అంతే. రెండో వారానికి మాట మారింది. "పటిక గురించి ముందు చెప్పకుండా ఎరుపు గురించి చెప్తే అర్థం కాదు, కాబట్టి ఇది వెనక్కి పోవాలి" అని ఒక పిల్లవాడు అన్నాడు. తెలుగు పరీక్షలో వ్యాసం రాయమంటే మూడు వాక్యాలు రాసి ఆపేసేవాడు వాడు. వ్యాసంలో నేర్పలేని క్రమం టైమ్‌లైన్‌లో దొరికింది వాడికి. కళ్లెదుట ముక్కలు కనబడుతున్నాయి, జరపొచ్చు, తప్పయితే వెనక్కి తేవచ్చు. కాగితం మీద కొట్టివేత మచ్చలా ఉంటుంది, పిల్లలకు భయం. ఇక్కడ కంట్రోల్ జెడ్ కొడితే ఏమీ జరగనట్టే. ఆ ధైర్యం వల్లే వాళ్లు పదిసార్లు మార్చి చూస్తారు. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్లలు తమంతట తాము పదిసార్లు దిద్దుకున్న పని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ గ్రూపులన్నింటికీ ఒక్కో నోటుబుక్కు ఇచ్చాను. కత్తెర పుస్తకం అని పిల్లలే పేరు పెట్టారు. ఏ ముక్క తీశాం, ఎందుకు తీశాం, ఎవరు వద్దన్నారు, అన్నీ అందులో రాయాలి. ప్రాజెక్టు పనికి మనం ఎలాగూ మార్కులు వేస్తాం కదా, నేను ఎక్కువ మార్కులు ఈ నోటుబుక్కుకే వేస్తాను. వీడియో బాగా వచ్చిందా లేదా అన్నది ఎవరింట్లో మంచి ఫోను ఉందో దాని మీద ఆధారపడుతుంది. ఆ ఫోనుకు మార్కులు వేస్తే అన్యాయం. కత్తెర పుస్తకానికి ఫోనుతో పని లేదు.

అన్యాయం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఒక గ్రూపులో ఐదుగురుంటే మౌసు ఎప్పుడూ ఒక్కడి చేతిలోనే ఉంటుంది. గమనించండి. ఇంట్లో కంప్యూటరో ల్యాప్‌టాపో ఉన్నవాడు ముందు కూర్చుంటాడు, ఆడపిల్లలు వెనక నిలబడి చెప్తుంటారు. రెండేళ్లు నేను దీన్ని చూడలేదు. చూశాక ఒక నియమం పెట్టాను. పది నిమిషాలకోసారి మౌసు చేతులు మారాలి, గోడ గడియారం చూసేది ఆ గ్రూపులో అందరికన్నా నిదానంగా ఉండే పిల్ల. పని కొంచెం ఆలస్యమవుతుంది. కానివ్వండి.

సాఫ్ట్‌వేర్ సంగతి చెప్తానన్నాను కదా. చిన్న తరగతులకు బొమ్మలు వేయడానికి టక్స్ పెయింట్. ఫొటోలు సరిచేయడానికి గింప్. గీతల బొమ్మలు, పోస్టర్లకు ఇంక్‌స్కేప్. శబ్దానికి ఆడాసిటీ, వీడియోకు ఓపెన్‌షాట్. ఆటలు, కదిలే కథలు చేయడానికి స్క్రాచ్. అన్నీ ఉచితమే. వీటిలో కొన్నింటికి ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగులో పాఠాలు కూడా ఉన్నాయి. పిల్లలు మనకన్నా ముందే చూసి మనకే నేర్పుతారు, అడగడానికి మొహమాటపడకండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. ఓపెన్‌షాట్‌లో ప్రాజెక్టు సేవ్ చేస్తే వీడియోలు ఆ ఫైలు లోపలికి వచ్చేయవు. అవి ఎక్కడున్నాయో అన్న చిరునామా మాత్రమే ఉంటుంది. మా పిల్లలు ప్రాజెక్టు ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి పట్టుకుపోయారు. తెరిస్తే ఏమీ కనిపించలేదు. అంతా పోయిందని ఒకమ్మాయి రాత్రి ఏడుస్తూ ఫోన్ చేసింది. గ్రూపుకు ఒక ఫోల్డరు, అన్నీ అందులోనే, చివరిదాకా ఆ ఫోల్డరు పేరు మార్చకూడదు, ముక్కలు విడదీయకూడదు. ఈ మాట గోడ మీద రాసి పెట్టండి.

స్క్రాచ్ గురించి ఇంకొంచెం చెప్పాలనుంది. 1967లోనే సీమర్ పాపర్ట్, ఆయనతోటి వాళ్లు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారు చేశారు. పిల్లవాడు కంప్యూటర్‌కు చెప్పాలి గానీ కంప్యూటర్ పిల్లవాడికి చెప్పడం కాదు అన్నది వాళ్ల ఆలోచన. ఆ దారిలోనే అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో స్క్రాచ్‌ను విడుదల చేసింది. ముక్కలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే బొమ్మ నడుస్తుంది. మా దగ్గర మామిడి తోట ఉన్న ఇంటి పిల్లవాడు ఒక ఆట చేశాడు. తోటలో తోతాపురి కాయలుంటాయి. గుజ్జు ఫ్యాక్టరీకి లారీ పోవాలి. ఆలస్యమయ్యేకొద్దీ కాయ పండిపోయి ధర పడిపోతుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర లైను పొడవుగా ఉంటే ఏం చేస్తావని ఆట అడుగుతుంది. తోటలో వాళ్ల నాన్న ప్రతి వేసవిలో పడే టెన్షన్ అంతా ఆ ఆటలో ఉంది. ఆట ఆడి, వేరియబుల్ అంటే, అదే ధరలా విలువ మారుతూ ఉండేది అంటే, ఏమిటో తరగతి మొత్తానికి అర్థమైంది. చిత్తూరు జిల్లా మామిడి గురించి నేను చెప్పిన పాఠం కన్నా అదే వాళ్లకు గుర్తుంది, నాకు సంతోషమే.

ఆరో తరగతి వాళ్లతో సులువుగా చేయదగ్గది స్టాప్ మోషన్. వస్తువును కొంచెం కొంచెం జరుపుతూ ఫొటో తీస్తూ పోవాలి, వరసగా చూపిస్తే కదిలినట్టు ఉంటుంది. వరండాలో నేల మీద సుద్దతో మన ప్రాంతం మ్యాపు గీశారు. చింతగింజలే నది. చంద్రగిరి కొండల వైపు నుంచి స్వర్ణముఖి తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా, నాయుడుపేట దాటి సముద్రంలో కలిసేదాకా గింజలను జరిపారు. సెకనుకు పది ఫొటోలు అనుకుంటే పన్నెండు సెకన్లకు ఎన్ని? నూట ఇరవై. గింజ ఒక్కో ఫొటోకు ఎంత జరగాలి? మొత్తం పొడవును నూట ఇరవైతో భాగించారు. భాగహారం అంటే పారిపోయే పిల్లలు నేల మీద పడుకుని స్కేలుతో కొలుచుకున్నారు. పన్నెండు సెకన్ల నదికి రెండు పీరియడ్లు పట్టింది. మధ్యలో ఎండ జరిగి స్తంభం నీడ మ్యాపు మీదికి వచ్చింది. వీడియోలో స్వర్ణముఖి మీద సాయంత్రం అయినట్టు కనబడుతుంది. దాన్ని తీసెయ్యమంటే పిల్లలు ఒప్పుకోలేదు, అలాగే ఉంచాం.

తెలుగు అక్షరాల సమస్య అందరికీ ఎదురయ్యేదే. కొన్ని వీడియో సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. పిల్లలు విసుగెత్తి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. పేర్లు, శీర్షికలు ఇంక్‌స్కేప్‌లోనో గింప్‌లోనో టైపు చేస్తే అక్షరం సరిగ్గా వస్తుంది. దాన్ని బొమ్మగా సేవ్ చేసి వీడియోలో పెట్టుకుంటే చాలు. యూనికోడ్ ఫాంటే వాడాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసింది వేరే కంప్యూటర్‌లో గుర్తుపట్టలేని గీతలవుతుంది. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో కవుల పేర్లతో చాలా ఉన్నాయి. ధూర్జటి అని కూడా ఒక ఫాంటు ఉంది. శ్రీకాళహస్తీశ్వర శతకం రాసిన ధూర్జటి పేరు! మా పిల్లలు సినిమా పేరు ఆ ఫాంటులోనే పెడతామని పట్టుబట్టారు. టైపింగ్ రానివాళ్లు ఫోనులో తెలుగు మాట్లాడితే అదే రాసి పెడుతుంది. తప్పులు దిద్దుకోవాలి, అదీ ఒక తెలుగు పాఠమే.

వెనక పాట పెట్టాలని ప్రతి పిల్లవాడికీ ఉంటుంది. సినిమా పాట పెట్టి తరగతిలో చూసుకోవడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు. మన 1957 కాపీరైట్ చట్టం చదువు చెప్పే సందర్భంలో కొన్ని మినహాయింపులు ఇస్తుంది గానీ, ఊరందరికీ పంచిపెట్టడానికి కాదు. ఒక గ్రూపు, "అన్నమయ్య పాట పెడతాం టీచర్, అది పాతదే కదా, ఎవరూ అడగరు" అన్నారు. మంచి ప్రశ్న. అన్నమయ్య 1503లోనే కన్నుమూశారు. మన చట్టంలో రచయిత పోయిన అరవై ఏళ్లకు హక్కు తీరిపోతుంది. కాబట్టి కీర్తన అందరిదీ. కానీ దాన్ని ఈమధ్య ఎవరో పాడి రికార్డు చేశారు కదా, ఆ రికార్డింగ్ మీద హక్కు వేరుగా ఉంటుంది. ఇది వివరించాక వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "అయితే మేమే పాడతాం" అన్నారు. శ్రుతి కొంచెం తప్పింది. కానీ ఆ పాట వాళ్లది. మాటల మధ్య శబ్దాల కోసం కోలాటం కర్రలు, కుండ మీద దరువు, బస్టాండులో కండక్టరు కేకలు రికార్డు చేసుకొచ్చారు. ఒక శబ్దాల బ్యాంకు తయారైంది, ఇప్పుడు కింది తరగతుల వాళ్లు కూడా వాడుకుంటున్నారు. నెట్‌లో పెట్టే వీడియోల్లో పిల్లల మొహాలు, పేర్లు ఉండనివ్వను. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏదీ బయటికి పోదు. ఇంటర్వ్యూ ఇచ్చిన పెద్దవాళ్లకు కూడా చూపించి, సరేనన్నాకే బయటపెడతాం.

సాంకేతికంగా ఒక లెక్క చెప్పి ముందుకు పోతాను, లెక్కల టీచర్ల కోసం. సీడీ నాణ్యతలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 2 బైట్లు, కుడి ఎడమ కలిపి రెండు వరసలు, నిమిషానికి 60 సెకన్లు. గుణించండి: 1,05,84,000 బైట్లు, అంటే దాదాపు 10 ఎంబీ. పెన్‌డ్రైవ్‌లో ఎన్ని నిమిషాలు పడుతుందో పిల్లలు తామే లెక్క కట్టుకుంటారు. పెద్ద సంఖ్యల గుణకారానికి ఇంతకన్నా మంచి అవసరం నేను చూపలేను.

ఇప్పుడు ఏఐ వచ్చింది, నాలుగు మాటలు రాస్తే వీడియో ఇచ్చేస్తుంది, ఇంకా ఈ కష్టం ఎందుకని పొద్దున టీ దగ్గర ఒక సార్ అడిగారు. నిజమే, మా దగ్గరా ఒక గ్రూపు అలాగే కలంకారీ మీద వీడియో తెచ్చింది. చూడటానికి మెరుగ్గా ఉంది. అందులో ఒకామె కుంచెతో బొమ్మలు వేస్తోంది. తరగతిలో వెంటనే నలుగురు లేచారు, "కుంచె కాదు టీచర్, వెదురు కలం! పేరే కలంకారీ కదా" అని. అవ్వ దగ్గర కూర్చుని చూసినవాళ్లు కాబట్టి పట్టుకోగలిగారు. చూడనివాళ్లు ఆ కుంచెనే నమ్మేవారు. నేను ఏఐని తరగతిలోంచి తరిమేయమనడం లేదు. ముందు చూసి, విని, కత్తిరించి ఉంటే, ఆ తర్వాత అది ఇచ్చినదాన్ని కూడా కత్తిరించగలరు.

సిలబస్ సంగతి. ఏడాదికి ఒక ప్రాజెక్టు చాలు. ప్రతి పాఠానికీ వీడియో అనుకుంటే మనమూ అలసిపోతాం, పిల్లలూ అలసిపోతారు. దసరా సెలవులకు ముందు రికార్డింగ్, తర్వాత ఎడిటింగ్, సంక్రాంతికి ముందు ప్రదర్శన. పదో తరగతి వాళ్లను దీంట్లోకి దించొద్దు, తొమ్మిదే సరైన వయసు.

మూడు నిమిషాల సినిమా పూర్తయ్యాక అవ్వకు చూపించడానికి మళ్లీ ఆమె ఇంటికే పోయాం. చిన్న ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి చూపించాం. ఆమె చాలా శ్రద్ధగా చూసింది. రంగులు ఉడకబెట్టే చోట తల ఊపింది. అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంతా బాగుండాది నాయనా. మా యమ్మ మాట చెప్పినా కదా, అది యాడబోయింది?" అని అడిగింది.

పిల్లలకు వెంటనే గుర్తు రాలేదు. ఒకమ్మాయి కత్తెర పుస్తకం తెరిచి వెతికింది. పదకొండో నిమిషం దగ్గర ఉంది. వాళ్లమ్మ జీవితమంతా పొయ్యి దగ్గర రంగు ఉడకబెట్టిందని, ఎన్నో గుడ్డలు ఆమె చేతిలో ఎరుపెక్కాయని, ఏ గుడ్డ మీదా ఆమె గీసిన గీత లేదని అవ్వ చెప్పిన మాటలు. పంతొమ్మిది సెకన్లు. నోటుబుక్కులో పక్కన కారణం రాసి ఉంది: "పని చేసే విధానానికి సంబంధం లేదు." నా సంతకం కూడా ఉంది దాని కింద. నేనూ చదివి సరేనన్నాను.

ఆ అమ్మాయి అవ్వకు ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసింది. నేను కూడా ఏమీ చెప్పలేకపోయాను. బడికి వచ్చే దారిలో ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. మరుసటి రోజు నేను చెప్పకముందే కంప్యూటర్ గదిలో ఐదుగురూ ఉన్నారు. మొత్తం రికార్డింగ్ ఆ ఫోల్డరులోనే భద్రంగా ఉంది కాబట్టి పంతొమ్మిది సెకన్లను వెతికి తెచ్చారు. కానీ హద్దు మూడు నిమిషాలు. ఏదో ఒకటి పోవాలి. హద్దు సడలిస్తానని నేను అన్నాను, నిజం చెప్తున్నాను, ఆ ఒక్కసారికి అన్నాను. వద్దన్నారు వాళ్లు. మధ్యాహ్నం దాకా జరిపారు, మార్చారు, వాదించుకున్నారు. చివరికి సినిమా మొదట్లో తామంతా వరసగా నిలబడి తమ పేర్లు, తరగతి, బడి పేరు చెప్పుకునే ఇరవై సెకన్లను తీసేశారు. ఇప్పుడు సినిమా అవ్వ వాళ్లమ్మతో మొదలవుతుంది.

ఆ మూడు నిమిషాలు మీకు చూపిస్తాను, అవ్వ సరేనంది. వెనక ఉన్న సార్, ఆ ఫ్యాన్లు ఒకసారి ఆపుతారా?